వాళ్ల మాట వాళ్ల మాటగానే రాయండి

(హక్కుల సంఘంలో కొత్తగా చేరిన వాలంటీర్ల శిక్షణా శిబిరంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరు లా కాలేజీల నుంచి రెండు నెలల ఇంటర్న్‌షిప్ కోసం వచ్చారు. కొందరు ఇంటర్ దగ్గర చదువు ఆగిపోయి మన వాడల నుంచే వచ్చారు. అందరికీ కలిపి ఒక్క మాట చెప్పటానికే నిలబడ్డాం. ఈ సంఘంలో మీ పని ఉపన్యాసాలివ్వటం కాదు. బాధితులు చెప్పింది చెప్పినట్టు రాయటం, కేసు తేలేదాకా వాళ్ల పక్కన ఉండటం. ఇదేం పెద్ద పని అనుకోకండి. ఈ పనిలో మేం చేసిన తప్పు ముందు విన్నాక మీరే ఆలోచించుకోండి.

మేం మా ఇళ్లల్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాళ్లం. పదిహేనేళ్ల కిందటి మాట. పనిచేస్తున్న బడికి దగ్గర్లో ఒక ఊళ్లో బోరింగు దగ్గర మన అక్కను కులం పేరు పెట్టి తిట్టి కొట్టారు. సంఘం తరఫున మేమే పోయాం. ఆమె చెబుతుంటే మేం ఫిర్యాదు రాశాం. "పాలకేంద్రం దగ్గరికి బర్రెపాలు తీసుకుపోయే యాళప్పుడు" అందామె. మేం "సాయంత్రం 5 గంటలకు" అని రాశాం. వాడు తిట్టిన తిట్టు యథాతథంగా చెప్పింది. రాయటానికి మాకు సిగ్గేసి "అసభ్య పదజాలంతో కులదూషణ చేసి" అని రాశాం. చదువుకున్నోళ్లం కదా, తెలుగు చక్కగా ఉండాలనుకున్నాం.

నాలుగేళ్లకు కేసు విచారణకొచ్చింది. అవతలి వకీలు అడిగాడు: "నీకు వాచీ ఉందా? టైము చూడటం వచ్చా?" "రాదయ్యా" అంది. "మరి ఐదు గంటలని ఎట్లా చెప్పావు?" "నేను చెప్పలేదయ్యా, సార్లు రాసుకున్నారు" అంది. తిట్టిన మాటేదో కాగితంలో లేదు, కోర్టులో చెబితే ఇప్పుడు కల్పించావన్నారు. కేసు కొట్టేశారు. బయటికొచ్చాక ఆమె మమ్మల్ని తిట్టలేదు. "నేను చెప్పింది రాస్తే సరిపోయేది గదా సారూ" అంది, అంతే. ఊళ్లో పెత్తందార్లు మూసిన నోటిని కాగితం మీద మేం మూశాం.

ఎప్పుడు, ఎక్కడ, ఎవరు? ఈ మూడు మాటల మీదే మనవాళ్ల కేసులు నిలవటం, పడిపోవటం. నాటి గుంటూరు జిల్లా చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు కావాలని జనం కొట్లాడి పెట్టించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. చంపిన సమయం, స్థలం, చంపినవాళ్లెవరన్నది ప్రాసిక్యూషన్ నిరూపించలేదన్నది. ప్రాణాలకు తెగించి సాక్ష్యం చెప్పినవాళ్లున్న కేసుకే ఈ గతి పడితే, తోడులేని ఒంటరి ఆడమనిషి కేసు సంగతి చెప్పాలా?

అందుకే చట్టంలో మనకున్నవి తెలుసుకోండి. 1989 అట్రాసిటీ చట్టం, 1995లో వచ్చిన రూల్సు చదవండి. నోటితో చెప్పినా పోలీసులు రాసుకోవాలి, చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చెయ్యాలి. ఇవి కావాలని ఎగ్గొట్టిన ప్రభుత్వోద్యోగికి, అతను ఎస్సీ ఎస్టీ కానప్పుడు, నాలుగో సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలుంది. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్న సవరణలో 15ఏ సెక్షన్ వచ్చింది. బాధితులు స్వచ్ఛంద సంస్థల, సామాజిక కార్యకర్తల, వకీళ్ల సాయం తీసుకోవటం హక్కని అందులో రాసి ఉంది. అంటే స్టేషన్ గుమ్మం దగ్గర "నువ్వెవడివిరా మధ్యలో" అంటే, చట్టం పిలిస్తే వచ్చినవాళ్లమని చెప్పొచ్చు. గొంతు పెంచొద్దు, సెక్షన్ చూపించండి.

ఇక రాసేటప్పుడు. తిట్టును తిట్టుగానే రాయండి, మీకు సిగ్గు వద్దు. సిగ్గుపడాల్సింది తిట్టినోడు. ఎవరెవరు విన్నారు, ఎక్కడ నిలబడి విన్నారు, రాయండి. అందరికీ వినబడేచోట తిట్టాడా లేదా అన్నదాని మీద సెక్షన్ ఆధారపడి ఉంది. పొద్దు గూకే వేళ అంటే అట్లాగే రాయండి. తెలియదంటే తెలియదనే రాయండి. రాసింది చదివి వినిపించండి, ఆమె తప్పన్నచోట కొట్టేసి మళ్లీ రాయండి. ఆడవాళ్ల దగ్గరికి మన చెల్లెళ్లు పోవాలి. ఫొటోలకు, పేపరుకు తొందరపడి వాళ్ల ముఖం బయట పెట్టొద్దు.

ఇంకొకటి. పోయినచోట మర్యాదలు కోరొద్దు. అంటరానివాళ్ల బాధలు విచారించే ప్రభుత్వ కమిటీ సభ్యుడిగా 1929లో అంబేద్కర్ చాలీస్‌గావ్ పోయాడు. అంటరానివాడిని ఎక్కించుకుని తోలటానికి ఏ టాంగావాడూ ఒప్పుకోలేదు. అతిథి నడిస్తే చిన్నతనమని మహర్లు టాంగా బాడుగకు తెచ్చి, తోలటం రాని తమవాడి చేత తోలించారు. వంతెన మీద ఆయన కిందపడి కాలు విరిగింది. ఆయన కోరకపోయినా వాళ్ల అభిమానం అంత పని చేసింది. మనం నడిచిపోదాం. వాళ్ల ఇంట్లో ఉన్న గంజి తాగుదాం.

లా చదివే పిల్లలకు చెబుతున్నాం. రెండు నెలలకు మీకు సర్టిఫికెట్ వస్తుంది, తప్పేం లేదు. కారంచేడు ఘోరం జరిగిన 1985లో బొజ్జా తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి బాధితుల వైపు నిలబడ్డాడు. అందరూ అంత చెయ్యనక్కర్లేదు. పోయేముందు మీ కాగితాలు, వాయిదా తేదీలు పక్కవాడికి అప్పగించి పొండి.

వాడల పిల్లలకు చెబుతున్నాం. మీకు సర్టిఫికెట్ లేకపోవచ్చు, కానీ మీరు ఊళ్లోనే ఉంటారు. వాయిదాకు సాక్షితో బస్సెక్కేది, రాజీపడమని పెద్దమనుషులు ఇంటి మీదికొచ్చిన రాత్రి అరుగు మీద పడుకునేది మీరే. ప్రతి వాడకూ ఇద్దరు చాలు, ఒక నోటుపుస్తకం చాలు.

ఆ అక్క ఇప్పటికీ ఆ ఊళ్లోనే, ఆ బోరింగు దగ్గరే నీళ్లు పట్టుకుంటోంది. మేం బదిలీ మీద వచ్చేశాం. మా తప్పు మేం దిద్దుకునేది మీ చేత సరిగా రాయించటంతోనే. మధ్యాహ్నం అన్నాలయ్యాక పుస్తకాలు తియ్యండి. ఒకరు చెప్పాలి, ఒకరు రాయాలి, చెప్పినవాళ్లే తప్పులు పట్టాలి.

జై భీమ్.