ఓటు బరువు: సారా పోరాటం, స్త్రీల ఓటుహక్కు
(జి.కొండూరు స్మారకోపన్యాసం)

మన చరిత్ర పుస్తకాల్లో స్త్రీల ఓటుహక్కు ఒక అధ్యాయం, మద్యనిషేధం మరో అధ్యాయం. నా దృష్టిలో తెలుగునాట ఈ రెండూ ఒకే పోరాటం. 1921లో కాగితం మీద వచ్చిన ఓటుకు బరువు వచ్చింది 1992లో, సారా కొట్టు ముందు. ఈ సాయంత్రం నా వాదన ఇదే.

బయటి దేశాల్లో ఇది వేరే వరసలో నడిచింది. న్యూజిలాండ్ స్త్రీలకు 1893లో పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వచ్చింది. ఆ ఉద్యమాన్ని నడిపిన కేట్ షెపర్డ్ క్రైస్తవ మహిళల మద్యవ్యతిరేక సంఘం మనిషి. ఓటు లేనివాళ్ళ అర్జీని చట్టసభలో ఎవరూ పట్టించుకోరని ఆ సంఘం స్త్రీలకు అనుభవం మీద తెలిసింది. అందుకే ఓటు అడిగారు. మద్యం వ్యాపారులు గట్టిగా అడ్డుపడ్డారు, ఆ ఓటు ఎవరి మీద పడుతుందో వాళ్ళకూ తెలుసు గనక. అమెరికాలో మద్యవ్యతిరేక సంఘం నాయకురాలు ఫ్రాన్సెస్ విల్లార్డ్ పట్టిన దారీ ఇదే. మద్యం మీది కోపమే వాళ్ళను ఓటు దాకా నడిపించింది.

మనకు ఓటు ముందు వచ్చింది. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన ఒక ప్రతినిధి వర్గం మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి స్త్రీలకు ఓటు అడిగింది. 1921లో మద్రాసు శాసనసభ, స్త్రీ అన్న కారణంతో ఓటు కాదనకూడదని తీర్మానించింది. బ్రిటిష్ ఇండియాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం మద్రాసే. జి.కొండూరు ఉన్న ఈ మెట్ట ప్రాంతం, అంటే అప్పటి కృష్ణా జిల్లాలోని భాగం, ఆ రాష్ట్రం కిందిదే. అయితే ఆ ఓటు ఆస్తికీ పన్నుకూ ముడిపడింది. పొలం పట్టా భర్త పేర ఉంటే, ఆ పొలంలో ఒళ్ళు వంచి పనిచేసే భార్యకు ఓటు లేదు. 1935 చట్టం కొంత సడలించింది గాని, 'ఓటరు భార్య' కావడాన్ని కూడా ఒక అర్హతగా పెట్టింది. వయోజనులందరికీ ఓటు వచ్చిన 1951-52 ఎన్నికల్లో సైతం, ఉత్తరాదిన ఎక్కువగా, దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీల పేర్లు జాబితాలోంచి పోయాయి. కారణం, వాళ్ళు తమ పేరు చెప్పకుండా ఫలానావాడి భార్యననో ఫలానావాడి కూతురిననో చెప్పడం. పేరు లేనిదే ఓటు ఇవ్వనన్నారు ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. ఆయన పట్టుదల సరైనదేనని నా అభిప్రాయం.

ఇటు మద్యం సంగతి మగవాళ్ళ చేతుల్లోనే నడిచింది. కల్లు దుకాణాల ముందు పికెటింగ్ చేసిన స్త్రీలు స్వాతంత్ర్యోద్యమంలో లేకపోలేదు, కాని పిలుపు కాంగ్రెస్‌ది. రాజాజీ 1937లో సేలంలో నిషేధం మొదలుపెట్టారు. 1948 అక్టోబరు 2 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అమలైంది. 1954 నవంబరులో ఆ విధానం మీదే ఆంధ్ర రాష్ట్రంలో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఖజానా ఆదాయం, గీత కార్మికుల బతుకుతెరువు, నిషేధం అమలవుతున్న తీరు: నాటి చర్చంతా వీటి చుట్టూనే. తాగివచ్చినవాడి చేతిలో దెబ్బలు తినే మనిషికీ ఓటుందని, ఆమెకు జవాబు చెప్పుకోవాలని ఏ పక్షమూ భయపడలేదు.

ఆ భయం నెల్లూరు జిల్లా దూబగుంటలో పుట్టింది. 1980ల్లో ప్రభుత్వమే 'వారుణి వాహిని' పేరుతో సారాను పాకెట్లలో ఊరూరికీ పంపింది. బడి లేని ఊరికీ పాకెట్ చేరింది. 1990 తరవాత అక్షరదీపం అక్షరాస్యతా తరగతులు వచ్చాయి, వాటిలో 'సీతమ్మ కథ' అన్న పాఠం వచ్చింది. తమ పేరు తాము రాసుకోవడం నేర్చిన స్త్రీలు రాత్రి తరగతిలో కూలి డబ్బులు ఎటు పోతున్నాయో లెక్క వేసుకున్నారు. 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠంలో ఉన్న దూబగుంట కథ ప్రకారం, వాళ్ళు మొదట ఆపింది కల్లు బండిని. పారబోస్తే నా డబ్బు మాటేమిటని బండివాడు అడిగాడు. మనిషికో రూపాయి వేసుకుని ఇస్తామన్నారు. సారా జీపు వంతు ఆ తరవాత వచ్చింది. మద్యనిషేధం గీత కార్మికుల పొట్టకొడుతుందన్న అభ్యంతరానికి ఈ రూపాయే జవాబు. 1954లో చట్టసభకు తెగని చిక్కును, కూలికి పోయే ఆడవాళ్ళు ఎదుటివాడి నష్టం తామూ పంచుకుని విప్పారు. దూబగుంట పోరాటంలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. నెల్లూరులో సారా వేలంపాటలు మళ్ళీ మళ్ళీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించింది. 1994 డిసెంబరు 12న ఎన్.టి.రామారావు ప్రమాణస్వీకారం రోజునే మద్యనిషేధం మీద సంతకం పెట్టారు.

ఆ ఎన్నికల్లో రామారావు గెలుపు కిలో రెండు రూపాయల బియ్యానిది కూడా కదా అంటారు. నిజమే, కాదనను. కాని అధికార పక్షం ఎన్నికలకు ముందే సారా ఆపింది, ప్రతిపక్షం మొత్తం మద్యమే ఆపుతానంది. ప్రత్యర్థులిద్దరూ ఒకే వైపు పరుగెత్తారంటే అక్కడ ఓట్లున్నాయని ఇద్దరికీ తెలిసినట్టే. 1997లో నిషేధం ఎత్తేశారు కాబట్టి ఉద్యమం ఓడిపోయిందన్నది మరో మాట. ఈ మాట నాకు కష్టంగా ఉంటుంది. సారా నిషేధం అలాగే నిలిచింది, ప్రభుత్వ సారా పాకెట్ మళ్ళీ ఊళ్ళోకి రాలేదు. పోయినది వేరే ఉంది. సారా పోరాటం తరవాత నెల్లూరు స్త్రీలు రోజుకో రూపాయి పొదుపుతో 'పొదుపు లక్ష్మి' సంఘాలు పెట్టుకున్నారు. నేడు ఊరూరా సంఘాలున్నాయి, అప్పులూ వాయిదాలూ వాళ్ళే చూసుకుంటున్నారు. మద్యం దుకాణం ఎక్కడ పెట్టాలన్నది మాత్రం వాళ్ళను అడిగేవాళ్ళు లేరు. 1994లో పార్టీలు నిషేధం ఇస్తామని ఓటు అడిగాయి, 2019లో దశలవారీ నిషేధమన్నారు, 2024లో తక్కువ ధరకు మద్యమని హామీ ఇచ్చారు. ఆ ఏడాది అక్టోబరులో కొత్త దుకాణాలు తెరిచారు, 99 రూపాయలకు క్వార్టర్ సీసా వచ్చింది. ఆడవాళ్ళ ఓటు సంఖ్యలో తగ్గలేదు, ఈ ఒక్క విషయంలో దాని బరువు తగ్గింది.

ధర పెంచి తాగుడు మాన్పించడం కుదరదని ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. ఇక్కడ రేటు పెరిగితే తెలంగాణ సీసా సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దాటి వస్తుంది. హైదరాబాదులోనో అమరావతిలోనో తీసుకునే నిర్ణయం కంటే ఊళ్ళో కళ్ళెదుట ఉన్నవాళ్ళ అధికారం గట్టిది. బెల్టు షాపు ఏ ఇంటి వెనక నడుస్తోందో పోలీసులకు తెలియకపోవచ్చు, ఆ వీధి ఆడవాళ్ళకు తెలుసు. షెడ్యూల్డు ప్రాంతాల కోసం 1996లో చేసిన పెసా చట్టం మత్తు పానీయాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకూ పంచాయతీలకూ ఇవ్వాలంది. ఏజెన్సీ ఊరికి తగిన అధికారం జి.కొండూరుకు, నందిగామ, జగ్గయ్యపేట పల్లెలకు ఎందుకు తగదు? గ్రామసభ వద్దన్న ఊళ్ళో దుకాణానికి లైసెన్సు ఇవ్వకూడదని రాష్ట్ర చట్టంలో రాయాలి. దాంతో తాగుడంతా ఆగిపోదు, కాని ఊరి మీద ఊరికి మాట దక్కుతుంది. చట్టం మారేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే గ్రామసభలో ఈ తీర్మానం మీరే పెట్టండి. చర్చకు తీసుకోబోమని వాళ్ళంటే, ఆ మాట మినిట్స్ పుస్తకంలో ఉన్నదున్నట్టు రాయించి, కింద మీ పేర్లతో సంతకాలు చేయండి.