విశ్వరూపం – ఒక రికార్డు అట్ట
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను ఏదైనా వేరే విషయం మాట్లాడమన్నారు కనుక మా ఇంట్లో జరిగిన ఒక తగవు చెబుతాను.

క్రిందటి ఏడాది మా మనవడి గదిలో, చెప్పుల స్టాండుకు పైన, అద్దం కట్టించిన పటం ఒకటి కనిపించింది. దూరం నుంచి చూస్తే విశ్వరూప సందర్శనమే. అనేక ముఖాలు, అనేక బాహువులు, చుట్టూ దేవతలు. దగ్గరికి వెళితే నడుమ స్వామివారి ముఖం లేదు. గుబురు జుట్టున్న ఒక గిటారు వాద్యగాడి ముఖం! పటం దింపి బీరువా వెనక్కి నెట్టేశాను. అనరాని మాటలు కూడా అన్నాను. "తాతయ్యా, అది దేవుడి పటంగా పెట్టలేదు, పాటల పటంగా పెట్టాను" అని వాడు పది రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ మౌనం భరించలేక ఆ బొమ్మ పుట్టుపూర్వోత్తరాలు చదివాను. అది జిమీ హెండ్రిక్స్ అనే అమెరికా సంగీతకారుడి రికార్డు అట్ట. 1967 డిసెంబరులో ఇంగ్లండులో విడుదలైంది. ఎల్.ఎస్.డి. అనే మందు మత్తులో కనిపించే రంగులను పోలిన బొమ్మలు అక్కడ జోరుగా సాగుతున్న రోజులవి. మన బజార్లలో అమ్మే అచ్చు పటం మీదే అతని ముఖమూ, అతని జట్టులోని ఇద్దరి ముఖాలూ చేర్చారు. హిందువుల మనసు నొచ్చుతుందని మలేషియా ప్రభుత్వం 2014లో ఆ అట్టను నిషేధించింది. అంటే కోపం వచ్చింది నాకొక్కడికే కాదు.

నన్ను మెత్తబరచిన సంగతి మరొకటి. ఆ అట్ట హెండ్రిక్స్‌కే నచ్చలేదు. తన వంశంలో అమెరికా ఆదివాసుల రక్తం ఉందని చెప్పుకునేవాడు. ఆ 'ఇండియన్' బొమ్మ వేసి ఉంటే బాగుండేదన్నాడు. వాళ్ళు వేసింది ఈ ఇండియా బొమ్మ! నేను తిట్టిన మనిషి నాలాగే నొచ్చుకున్నవాడన్నమాట.

ఇది అరువు తెచ్చుకున్న పోలిక. అరువు లేకుండా వచ్చే పోలికలూ ఉన్నాయి. మెక్సికో కొండల్లో హ్విచోల్ అనే ఆదివాసులు చెక్కమీద తేనెమైనం పూసి, రంగు నూలు పోగులను ఒక్కొక్కటే అద్ది బొమ్మలు చేస్తారు. వాళ్ళకు పెయోటీ అనే ముళ్ళులేని చిన్న జెముడు ప్రసాదం. దానికోసం ఎడారికి యాత్ర వెళతారు. లేడి, మొక్కజొన్న, పెయోటీ మూడూ వాళ్ళకు ఒక్కటే దైవం. వాళ్ళ వలయాలూ, నడిమి చుక్కా చూస్తే మన యంత్రాలు గుర్తుకొస్తాయి. మనమెవరమో తెలియకుండానే గీశారు.

ఎలాగంటే, హైన్‌రిష్ క్లూవర్ అనే శాస్త్రజ్ఞుడు పెయోటీలోని మందు తీసుకున్నవారికి కనబడే ఆకారాలను 1920లలో పరిశీలించాడు. జాలీ, సాలెగూడు, సొరంగం, సుడి – మళ్ళీ మళ్ళీ ఇవేనట. మందే అక్కర్లేదు. మా ఆవిడకు పార్శ్వపునొప్పి వచ్చే ముందు కళ్ళముందు వెలుగు గీతలు మెరుస్తాయి. "దేవుడేమైనా కనిపించాడా?" అంటే "రంపం పళ్ళు కనిపించాయి" అంటుంది. వలయం కంటిదీ మెదడుదీ కావచ్చు. అందులో లేడి కూర్చుంటుందా, విష్ణువు కూర్చుంటాడా అన్నది ఇంట్లో పెద్దలు చెప్పిన కథను బట్టి ఉంటుందని నా ఊహ.

ఒక్క ఫిర్యాదు మాత్రం మిగిలింది. గీతలో విశ్వరూపం చూసిన అర్జునుడు వణికిపోయాడు. ఎప్పటి రూపమే చూపించమని వేడుకున్నాడు. ఈ రంగుల అట్టలో ఆ భయం ఎక్కడా లేదు. ఆ మాట మనవడితో అంటే, "అయితే ఆ కథ చెప్పు" అన్నాడు. రెండు రాత్రులు చెప్పాను. మత్తుమందుల జోలికి పోవద్దని కూడా చెప్పాను, నవ్వాడు.

పటం ఇప్పుడు వాడి గదిలోనే ఉంది, చెప్పుల స్టాండు మాత్రం వరండాలోకి మారింది. అందులోని దేవతలు ఒక్కొక్కరూ ఎవరని అడుగుతున్నాడు. కొందరిని నేనూ పోల్చలేకపోయాను. సభ తర్వాత ఫొటో చూపిస్తాను. తెలిసినవారు దయచేసి చెప్పండి.