ఆ ఇరవై రూపాయల ఖాతా
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నాది 1985 పదో తరగతి బ్యాచ్, బి సెక్షన్, కిటికీ పక్క బెంచీ.

‘సైన్సు - మనం’ అనే అంశం ఇచ్చి పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను సైంటిస్టును కాను. ముప్ఫై ఏళ్లుగా ఆసుపత్రుల్లో ఈసీజీ, ఈఈజీ యంత్రాలు బాగుచేస్తూ బతుకుతున్న ఎలక్ట్రానిక్స్ ఇంజనీరుని. అందుకే సైన్సు గురించి కాకుండా, సైన్సు దగ్గరికి వెళ్లడానికయ్యే ఛార్జీల గురించి మాట్లాడతాను.

తొమ్మిదో తరగతిలో నేను ట్యాంకు నిండితే మోగే బెల్లు చేశాను. కాకినాడలో జిల్లా సైన్స్ ఫెయిర్‌కి అది సెలెక్ట్ అయింది. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. రానూపోనూ బస్సు ఛార్జీ, అక్కడ రెండు పూటల భోజనం - ఆ నెలలో మా నాన్నని అడగదగిన మొత్తం కాదది. మూడోరోజు సైన్సు మాస్టారు స్టాఫ్ రూముకి పిలిచారు. ఇరవై రూపాయలు చేతిలో పెట్టి, నోటు పుస్తకంలో సంతకం పెట్టించుకున్నారు. “ఇది దానం కాదురా, ఖాతా” అన్నారు.

కాకినాడలో నాకు బహుమతేమీ రాలేదు. చుక్క నీళ్లు లేకపోయినా నా బెల్లు మోగుతూనే ఉంది. పక్క టేబుల్ దగ్గరి కుర్రాడు, ఏ ఊరివాడో, వచ్చి చూసి, “నీ చెక్క చెమ్మగా ఉంది. కరెంటు చెక్కలోంచి పోతోంది” అన్నాడు. రెండు తీగలూ గాజు సీసా మూతకి బిగించేసరికి మోత ఆగింది. మన ల్యాబులో నెలరోజులు కూర్చున్నా నాకది తట్టేది కాదు. ఇవాళ్టికీ ఏ యంత్రంలోనైనా పిచ్చి సిగ్నల్ కనిపిస్తే, మొదట లీకేజీ ఎక్కడుందో వెతుకుతాను. ఆ ఇరవై రూపాయలతో నేను నేర్చుకున్నది అదీ.

ఇలాంటి కథే చాలా పెద్దది ఒకటుంది. స్పెయిన్ దేశంలో శాంటియాగో రామోన్ ఇ కజాల్ అని ఒక డాక్టరు ఉండేవాడు. మెదడు అంటే తెగని వల కాదు, విడివిడి కణాల సమూహం అని మైక్రోస్కోపులో చూసి చెప్పినవాడు. పెద్ద పత్రికలు తనను పట్టించుకోకపోతే 1888లో సొంత డబ్బుతో ఒక పత్రిక పెట్టి, అరవై ప్రతులు అచ్చువేయించి విదేశాలకు పంపాడు. స్పానిష్ భాషలో రాస్తే చదివేదెవరు? ఎవరూ నమ్మలేదు. ఇల్లు నిండా పిల్లలున్న మనిషి, 1889 అక్టోబరులో దాచుకున్న డబ్బంతా తీసుకుని, స్లైడులు, మైక్రోస్కోపు మోసుకుని బెర్లిన్ వెళ్లాడు. అక్కడ జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రవేత్తల సభ జరుగుతోంది. వచ్చీరాని ఫ్రెంచిలో మాట్లాడుతూ కనిపించినవాళ్లనల్లా తన మైక్రోస్కోపు దగ్గరికి తీసుకొచ్చాడు. వాళ్లలో కోలికర్ అనే డెబ్బై దాటిన పెద్దాయన ఉన్నాడు, ఆ రంగంలో ఆయన మాటకి తిరుగులేదు. ఆయన స్లైడులు చూశాడు, నమ్మాడు. కజాల్ రాసినవి చదవడానికి ఆ వయసులో స్పానిష్ నేర్చుకున్నాడు. 1906లో కజాల్‌కి నోబెల్ వచ్చింది. మెదడుకి సంబంధించి మనం ఇవాళ చదువుకుంటున్న న్యూరాన్ పాఠానికి పునాది ఆ ప్రయాణంలోనే గట్టిపడింది.

అరవై ప్రతులు చేయలేని పని ఒక్క రైలు ప్రయాణం చేసింది. కానీ కజాల్ దగ్గర ఆ మాత్రం దాచుకున్న డబ్బు ఉండబట్టే కదా.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్ చేరారంటే, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, ఆయన మామగారు కలిసి డబ్బు సర్దితేనే. ఆ తర్వాత ఆయన చేసినవన్నీ మనం పుస్తకాల్లో చదువుకున్నాం. ఓడ టికెట్టు సంగతి మాత్రం పాఠంలో ఉండదు.

ఇప్పుడు మెదడు మీద పరిశోధన చేసే పిల్లలకి ఇలాంటి సాయం ఒక పద్ధతిగా ఉంది. ట్రావెల్ అవార్డు అంటారు. 1961లో పుట్టిన అంతర్జాతీయ మెదడు పరిశోధన సంస్థ ఇస్తుంది, యూరప్, అమెరికాల్లోని న్యూరోసైన్స్ సంఘాలు ఇస్తాయి, మన ప్రభుత్వ సైన్సు శాఖలూ ఇస్తాయి. అమెరికా సంఘం 1971లో మొదటి వార్షిక సభ పెడితే సుమారు 1,400 మంది వచ్చారు. ఈమధ్య ఇరవై వేలు దాటుతున్నారు. అంత జాతరలో కుర్ర పరిశోధకుడికి దొరికేది ఒక బోర్డు, దాని మీద తన పోస్టరు, కొన్ని గంటల సమయం. ఆ కాసేపట్లో ఎవరు ఆగి చూస్తారన్నదే అసలు విషయం.

ఇక నేను సిగ్గుపడుతూ చెప్పాల్సిన మాట. మన బడిలోనే 2012లో పది పాసైన అమ్మాయి ఒకరు మెదడు మీద పీహెచ్‌డీ చేస్తోంది. నిద్రలో ఎలుక మెదడు జ్ఞాపకాలను ఎలా సర్దుకుంటుందన్నది ఆమె ప్రశ్న. చెప్పడానికి ఒప్పుకుంది, పేరు మాత్రం వద్దంది. వాళ్ల నాన్నగారు బస్టాండు దగ్గర టైలరు. 2022 జూలైలో పారిస్‌లో జరిగే యూరప్ న్యూరోసైన్స్ సభకి ఆమె పోస్టరు ఎంపికైంది. ట్రావెల్ అవార్డు కూడా వచ్చింది. చిక్కెక్కడంటే, అవార్డు డబ్బు తిరిగొచ్చాక బిల్లులు చూపిస్తే ఇస్తారు. విమానం టికెట్టు, వీసా ఫీజు, ఇన్సూరెన్సు ముందే కట్టాలి. వీసాకి బ్యాంకు ఖాతాలో నిల్వ చూపించాలి. నెలకి ముప్ఫై వేల చిల్లర ఫెలోషిప్‌తో ఇంటికి కొంత పంపే పిల్ల దగ్గర లక్షకి పైగా ఎక్కడుంటుంది?

ఆమె మన వాట్సాప్ గ్రూపులో అప్పు అడిగింది. అప్పే, సాయం కాదు. ఆ రోజు గ్రూపులో ఎవరిదో పుట్టినరోజు. కేకు బొమ్మల మధ్య ఆ మెసేజి పైకి వెళ్లిపోయింది. నేను చూశాను. ఎవరో ఒకరు ఇస్తారులే అనుకున్నాను. మీలో చాలామంది అలాగే అనుకుని ఉంటారు. పారిస్‌లో ఆమె పేరున్న బోర్డు ఖాళీగా ఉండిపోయింది.

ఆరు నెలల తర్వాత గ్రూపులో ఏదో వెతుకుతుంటే ఆ మెసేజి మళ్లీ కనిపించింది. కింద ఒక్క జవాబూ లేదు. ఫోను చేసి క్షమాపణ అడిగాను. “పర్వాలేదు అంకుల్, 2024లో వియన్నాలో ఉంది” అంది. ఈసారి మా బ్యాచ్ వాళ్లం నలుగురం కలిసి లక్షా ఇరవై వేలు ముందే ఇచ్చాం. వెళ్లొచ్చి, అవార్డు డబ్బు రాగానే ఎనభై వేలు తిరిగి కట్టేసింది. మిగతాది మేమే వద్దన్నాం.

వియన్నాలో ఏమైందో వినండి. పోస్టరు ముందు ఒకాయన ఆగి, “నువ్వు చూపిస్తున్న ఈ లయ జ్ఞాపకానిదేనా? ఎలుక శ్వాసని కూడా పక్కనే రికార్డు చేశావా?” అని అడిగాడట. ఎలుక ముక్కుతో పీల్చే గాలి లయ హిప్పోక్యాంపస్ దాకా కనిపిస్తుంది. ఈమె శ్వాసని కొలవలేదు. తిరిగొచ్చి ఆరు నెలల ప్రయోగాలు మళ్లీ చేసింది. సగం ఫలితాలు పోయాయి, సగం నిలబడ్డాయి. ఆ నిలబడ్డవాటితోనే ఇప్పుడు థీసిస్ రాస్తోంది. ఫోనులో ఇదంతా చెబుతుంటే నాకు నా చెమ్మ చెక్క, ఆ పక్క టేబుల్ కుర్రాడు గుర్తొచ్చారు.

అందుకని సంఘానికి నాదొక విన్నపం. స్వర్ణోత్సవ నిధితో గేటు దగ్గర ఆర్చి కడదామన్నారు. సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను, వద్దనను. కాస్త చిన్నది కడదాం. ఒక ఐదు లక్షలు పక్కన పెడదాం. మన బడి పిల్లలెవరైనా, జిల్లా సైన్స్ ఫెయిర్ అయినా వియన్నా అయినా, ఎంపికైన కాగితం చూపిస్తే ప్రయాణం ఖర్చు ముందే చేతికి ఇద్దాం. ఇద్దరు టీచర్లు, ముగ్గురు పూర్వ విద్యార్థులు కూర్చుని పది రోజుల్లో అవునో కాదో చెప్పాలి. బయట అవార్డు డబ్బు వస్తే వాళ్లు తిరిగి జమచేస్తారు, రాకపోతే లేదు. వడ్డీ కింద ఒకటే షరతు: వచ్చాక ఓ శనివారం తొమ్మిదో తరగతికి వచ్చి, అక్కడ తమకి దొరికిన తప్పేమిటో చెప్పాలి. బహుమతుల గురించి అక్కర్లేదు.

మొదటి లక్ష మా బ్యాచ్ ఇస్తుంది. చెక్కు తెచ్చాను.

మా సైన్సు మాస్టారు ముందు వరుసలోనే కూర్చున్నారు. మాస్టారూ, ఆ ఇరవై రూపాయలు మీకు ఇంకా బాకీ ఉన్నాను. ఆ నోటు పుస్తకం మీ దగ్గరుంటే, నా పేరు కొట్టేయకండి. దాని కింద గీత గీసి, కొత్త పేర్లు రాసుకుందాం.