కేకే లైన్: అద్దాల బోగీలోంచి కనిపించని అరకు

ఇవాళ అరకు రైలు గురించి మాట్లాడుకుందాం. 2017లో అద్దాల బోగీ వచ్చాక ఆ రీల్స్ మీరూ చూసే ఉంటారు. సొరంగం రాగానే కేకలు, బయటికొస్తే పొగమంచు. బాగుంటుంది, కాదనను. కానీ ఆ పట్టాలు మన టూర్ కోసం వేసినవి కావు.

కొత్తవలస నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ దాకా వెళ్తుంది కాబట్టి దీన్ని కేకే లైన్ అంటారు. 1960ల్లో కట్టారు. ఎందుకంటే బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం ఉంది, జపాన్‌కి అది కావాలి, విశాఖలో పోర్టు ఉంది. మధ్యలో అడ్డంగా తూర్పు కనుమలు! దాంతో కొండల్ని తొలిచి 50కి పైగా సొరంగాలు వేశారు.

శిమిలిగూడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. అది దాటాక వేల టన్నుల ఖనిజంతో బండి విశాఖ వైపు దిగాలి. అక్కడ లాగడం కాదు కష్టం, ఆపడం. లోకోపైలట్‌కి బ్రేకే ప్రాణం.

ఖనిజం కోసం వచ్చిన లైన్‌ని కొండ మీది జనం తమ దారిగా చేసుకున్నారు. త్యాడ, చిమిడిపల్లి, కరకవలస... మనకి ఇవి కిటికీలోంచి జారిపోయే బోర్డులు. అక్కడివాళ్లకి పాసింజర్ బండి అంటే సంత, ఆసుపత్రి, కాలేజీ.

ఇక బొర్రా. మనం గుహలు చూసి వచ్చేస్తాం. కానీ చుట్టుపక్కల అనంతగిరి మండలం ఊళ్లలో మైనింగ్ లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇచ్చారు. సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. 1997లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా సరే, గిరిజనేతరులకీ ప్రైవేటు కంపెనీలకీ మైనింగ్ లీజుకి ఇవ్వడం చెల్లదు. దేశమంతా చెప్పుకునే సమత తీర్పు ఈ రైలు ఆగే ఊళ్ల నుంచే వచ్చిందన్నమాట.

నా దృష్టిలో అసలు వారసత్వం ఇదే. సొరంగాలు ఇంజినీర్లు ఇచ్చారు, కొండని మాత్రం అక్కడి మనుషులే నిలబెట్టుకున్నారు. ఆ కొండ ఉంది కాబట్టే మనకి రీల్ ఉంది.

అందుకే ఈసారి వెళ్తే ఒక్క పని చేయండి. ప్లాట్‌ఫాం మీద సీతాఫలాలు అమ్మే అమ్మ దగ్గర బేరమాడకుండా కొనండి, ఆమెది ఏ ఊరో అడగండి. ఫోటో తీయాలంటే ముందు ఆమెని అడిగి తీయండి. ఉంటాను మరి!