ఇంటి అచ్చు – బందరు అద్దకము



చిత్రరేఖ రాజకుమారుల రూపములను పటముపై వ్రాసి చూపగా, ఉష తాను కలలో గాంచిన అనిరుద్ధుని గుర్తించెను. చేతిపని కంటికి గుర్తు నేర్పును. బందరు అద్దకపు గుడ్డ విషయమునను ఇదియే న్యాయము.

ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకశాల నెలకొల్పిరి. ఈ తీరపు అద్దకములకు ఐరోపాలో ఎంత గిరాకి కలిగెననగా, స్వదేశపు నేతపనివారిని కాపాడుటకై ఫ్రాన్సు 1686లో వానిని నిషేధించెను. అట్టి కోరమాండలు తీరపు వస్త్రములు నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో భద్రపరుపబడి యున్నవి. ఆనాటి మేలురకములు పెక్కు కలముతో వ్రాసినవి. బందరునకును గుడివాడకును నడుమనున్న పెడనలో నేడు టేకు అచ్చులతో అద్దుచున్నారు.

అందలి నలుపురంగు మర్మమును ఇంటనే తెలిసికొనవచ్చును. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో వేసి, రెండు మూడు వారములు కుండలో ఊరనిచ్చి వడగట్టవలెను. కరక్కాయపొడి కలిపిన పాలలో నూలుగుడ్డను ముంచి ఎండలో ఆరవేయవలెను. కరక్కాయ వగరును ఇనుపనీరును కలిసినచోట నలుపు పుట్టును. పాలలోని జిడ్డు రంగును ప్రాకనీయదు. ఇనుపనీటికి కొంచెము తుమ్మజిగురు చేర్చి, మెత్తని గుడ్డమడతపై పోసి, అచ్చును దానిపై నొత్తి అద్దవలెను. ఎరుపునకు పటిక, రంగుకాగు, పారుకాల్వలో జాడింపు కావలెను; అది పనివారికే చెల్లును.

అచ్చునకు బెండకాయను అడ్డముగ కోసిన చాలును, పువ్వు సిద్ధము. బంగాళాదుంపను రెండుగ కోసి రేకులు చెక్కిన పద్మమగును. అచ్చున కుడివైపుది గుడ్డపై ఎడమకు వచ్చునని మాత్రము మరువరాదు. నమూనా కావలెనన్న దివిసీమలోనే ఘంటసాల మ్యూజియము కలదు. అచ్చటి బౌద్ధశిల్పములను చూచి, నచ్చిన అలంకారమొకటి కాగితముపై దింపుకొనవచ్చును.

సెలవులలో గ్రంథాలయమునకు వచ్చు పిల్లలచేత ఈ పని చేయింపవలెను. ఒక్క చేరుమాలు అద్దిన పిల్లకు, అచ్చు అచ్చు కలియుచోట వెంట్రుకవాసి తేడా ఏల వచ్చునో తెలియును. తేడాయే లేని స్క్రీను ప్రింటును బందరు కలంకారీ యని చవుకగ అమ్మజూపినచో ఆమె మోసపోదు. పెడన పనివాడడిగిన వెల అధికమనదు.

మ్యూజియములోని గుడ్డను మెచ్చుకొనుటవలన అద్దకమువానికి కూలి దక్కదు. గుర్తెరిగి కొనువారివలననే దక్కును.