కొలువునకు ముందొక లెక్క



ఆర్థిక సలహా సంస్థలలో ఉద్యోగము కోరు విద్యార్థులకు పట్టా యొక్కటియే చాలదు. ఇంటర్వ్యూలో ఒక సమస్య నిచ్చి, వారు దానిని విడదీయు తీరును పరీక్షింతురు. వాణిజ్యశాస్త్రము చదువనివారు వెనుదీయ నక్కరలేదు. 1923లో మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు వృత్తిచే వైద్యులు. కావలసినది లెక్కతో కూడిన వివేకము.

దాని నలవరచుకొనుటకు గుంటూరు మిర్చియార్డును మించిన బడి యేది? క్వింటాలు మిర్చి 12,000 రూపాయలు పలికినదనుకొందము. రైతు నేడే అమ్మవలెనా, ఆరు మాసములు కోల్డుస్టోరేజిలో నిలువ యుంచవలెనా? ఆ సొమ్ముపై సాలుకు నూటికి 12 వంతున వడ్డీ 720 రూపాయలు. అద్దె, కూలి 300 అనుకొందము. ధర 13,020 దాటిననే లాభము.

సామాన్య విద్యార్థి ఇచ్చట ఆగును. వివేకి మరికొంత ప్రశ్నించును: తరుగెంత? పాత నిలువలెన్ని? ఎగుమతి యెట్లున్నది? అప్పిచ్చినవాడు అంతవరకు ఆగునా? ఊహించిన అంకెను ఊహయనియే స్పష్టముగా చెప్పును.

మిత్రులతో కూడి వారమున కొక్క సమస్యనైన ఇట్లు బిగ్గరగా విప్పి చూడుడు. సలహా తప్పినచో నష్టపోవునది చెప్పినవాడు కాదు, రైతు. ఈ యెరుకయే ఉద్యోగమునకు మొదటి అర్హత.