అక్షం మీది అంకెలు



మన డెంకణికోట, హోసూరు పక్క ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, బస్సెక్కితే కన్నడం. పలుకులో కొంచెం తేడా ఉన్నా మూడింటిలోనూ నిలిచిన మాటలు రెండున్నాయి: లక్ష, కోటి. ఆ రెండూ కంప్యూటర్లో వేరే వేషం వేసుకుని వస్తాయి. ఈ పూట దాన్ని గురించి చెప్పుకుందాం.

ఒకసారి మా తరగతి పిల్లలకు 2011 జనాభా లెక్కలిచ్చి, ఎక్సెల్‌లో చార్టు వేయమన్నాను. ధర్మపురి జిల్లా 15,06,843. మన కృష్ణగిరి 18,79,809. సేలం 34,82,056. 2004లో ధర్మపురి నుంచి విడిపోయిన జిల్లా మనది కాబట్టి, ఈ పోలికంటే పిల్లలకు సరదా. చార్టు వచ్చింది. ఎడమ పక్కనున్న నిలువు అక్షం మీద సున్నాలు బారులు తీరాయి. కాస్త పొట్టి చేద్దామని సైంటిఫిక్ రూపం పెట్టించాను. దశాంశాలు వద్దన్నాను. తప్పు అక్కడే జరిగింది.

సైంటిఫిక్ రూపమంటే ఇరవై లక్షలను 2ఇ+06 అని రాయడం. ఈ 'ఇ' అక్షరాన్ని చూసి ఏదో పొరపాటు వచ్చిందని భయపడకండి. అది ఘాతానికి గుర్తు. రెండును పదితో ఆరుసార్లు గుణించమని దాని అర్థం. సులువుగా గుర్తుంచుకోండి: పక్కన 5 ఉంటే లక్ష, 6 ఉంటే పది లక్షలు, 7 ఉంటే కోటి. ప్లస్ బదులు మైనస్ ఉంటే గుణించడం కాదు, భాగించడం. 1ఇ-03 అంటే వెయ్యోవంతు.

మా చార్టులో అయిదు లక్షలకొక గీత ఉంది. పదిహేను లక్షల గీత పక్కన 1.5ఇ+06 ఉండాలి. దశాంశం వద్దన్నాం కదా, కంప్యూటరు దాన్ని సవరించి 2 చేసింది. ఇరవై లక్షల గీత పక్కనా రెండే. ఒక అమ్మాయి లేచి, "టీచర్, రెండు ఎందుకు రెండుసార్లు వచ్చింది?" అని అడిగింది. అప్పటికే ముందు బెంచీవాళ్ళు ధర్మపురి జనాభా ఇరవై లక్షలని నోట్సులో రాసేసుకున్నారు. పట్టీ ఎత్తు సరిగ్గానే ఉంది. గళ్ళలోని అంకెలూ సరిగ్గానే ఉన్నాయి. గీత పక్కన రాత ఒక్కటే తప్పు. దాంతో లేని జనం సుమారు అయిదు లక్షలమంది పుట్టుకొచ్చారు! బడి కావాలన్నా ఆసుపత్రి కావాలన్నా జనాభానే చూస్తారు. ఆ లెక్కలో ఇది చిన్న తప్పా, చెప్పండి.

మీ పిల్లల చేత ఇలా చేయించండి. అక్షం మీది అంకెల దగ్గర మౌసు కుడి బటను నొక్కితే ఫార్మాట్ యాక్సిస్ అని వస్తుంది. అందులో నంబర్ అన్నచోట సైంటిఫిక్ ఎంచుకుని, దశాంశ స్థానం ఒకటి పెట్టాలి. అప్పుడు 1.5, 2.0 వేరువేరుగా కనబడతాయి. అయినా పక్కపక్క గీతలకు ఒకే అంకె వస్తే రెండు స్థానాలు పెట్టండి. లిబ్రే ఆఫీసులోనూ దారి ఇంచుమించు ఇదే. కాకపోతే సోర్స్ ఫార్మాట్ దగ్గరి టిక్కు ముందు తీసేయాలి.

నిజానికి జిల్లాల జనాభాకు ఇంత హంగామా అక్కరలేదు. అంకెలను లక్షల్లోకి మార్చి, అక్షానికి 'జనాభా, లక్షల్లో' అని పేరు పెడితే చాలు. చంద్రుడి దూరం సుమారు 3,84,000 కిలోమీటర్లు, సూర్యుడి దూరం సుమారు 15 కోట్లు. ఈ రెండూ ఒకే చార్టులో పెడితే చంద్రుడి పట్టీ కంటికి ఆనదు. అలాంటప్పుడు లాగరిథమిక్ స్కేలు, దాంతోపాటు సైంటిఫిక్ రూపం పనికొస్తాయి. అక్కడ ఒక్కో గీత కింది గీతకు పదిరెట్లు. పట్టీల ఎత్తు చూసి ఇది దానికి రెట్టింపని అనుకోకూడదు.

ఆ రోజు నోట్సులన్నీ మళ్ళీ తెరిపించి, ఇరవై కొట్టేసి పదిహేను రాయించాను. ఆ అమ్మాయి అడగకపోతే నేను చూసేదాన్ని కాదు.